మరకకు సాక్ష్యము: నమూనా విమానములు, వాటి రంగులు

(రజతోత్సవ సభా ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు విమానపు నమూనాల ప్రసక్తి యేల యని సభలో కొందరికి తోచవచ్చును. అందులోను, క్రొత్తగా వేసిన రంగును ప్రాతదానివలె కనబడునట్లు చేయు పనిని గూర్చి వినుట మరింత వింతగా నుండవచ్చును. మన గ్రామములలో పండుగ వచ్చినచో గోడలకు సున్నము కొట్టుదురు. ఎడ్ల కొమ్ములకు రంగు పూయుదురు. గడపలకు పసుపు రాయుదురు. ప్రాతదానిని క్రొత్తదిగా చేయుట అందరు నెరిగిన పనియే. క్రొత్తదానిని ప్రాతదిగా చేయుట యెందులకు? చేసినచో ఎంతవరకు చేయవలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

ముందుగా బొమ్మకును నమూనాకును గల భేదము తెలియవలెను. కొండపల్లి బొమ్మ యెల్లరకును పరిచితమే. తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పిండితో చేసిన మక్కుతో అంగములు అతికి, సున్నము పూసి, పైని రంగులు దిద్దుదురు. ఆ యేనుగు అంబారీ ఎన్ని యేండ్లు కొలువులో నిలిచినను అప్పుడే ఊరేగింపునకు బయలుదేరినట్లుండవలెను. అది బొమ్మ ధర్మము. నమూనా ధర్మము వేరు. నిజముగా ఎగిరిన ఒక విమానమును, దాని కొలతలన్నిటిని ఒకే పాలున తగ్గించి, ఒకానొక దినమున అది ఎట్లుండెనో అట్లు చూపుట నమూనా పని. ఎగిరిన విమానమునకు ఎండ తగిలినది, వాన తగిలినది, చమురు కారినది, మనుష్యుల పాదములు దానిపై పడినవి. ఆ గురుతులు లేని నమూనా కర్మాగారపు వాకిట నిలిచిన విమానమును చూపగలదు గాని, పనిచేసిన విమానమును చూపజాలదు.

రంగు వెలియుటను గూర్చి పల్లెవాసులకు వేరుగ పాఠము చెప్ప నక్కరలేదు. సైకిలును చూడుడు. హాండిలుకు సంచి వ్రేలాడదీయు చోట రంగు పోయి యినుము మెరయును. సీటు నీడనున్న గొట్టముపై రంగు ఏండ్లు గడచినను నిగనిగలాడుచుండును. నిజాంపట్నము రేవులో పడవను చూడుడు. వల లాగు అంచున ఒరిపిడి, నీటిగీత వద్ద పాచి, పైభాగమున ఎండకు వెలిసిన రంగు కనబడును. పుస్తకముల బీరువాను చూడుడు. పిడి చుట్టును జిడ్డు తేరి నల్లబడును. చేయి చేరని పైమూలలో దుమ్ము తప్ప మరక యుండదు. మరక యెచ్చటను ఊరక పుట్టలేదు. ఎచ్చట చేయి తగిలెనో, ఎచ్చట కాలు పడెనో, ఎచ్చట నీరు నిలిచెనో అచ్చటనే పుట్టినది. ఈ చిన్న సత్యమును గట్టిగా పట్టుకొన్నవానికి నమూనా విమానములకు రంగు వేయుటలో సగము విద్య వచ్చినట్లే.

ఇక కొలతల మాట. నమూనాలలో మిక్కిలి వాడుకలో నున్న పాలు డెబ్బదిరెండింట ఒకటి. అసలు విమానములో ఆరడుగుల మనుష్యుడు నమూనాలో ఒక అంగుళ మగును. రెండవ ప్రపంచయుద్ధములో ప్రసిద్ధికెక్కిన స్పిట్‌ఫైర్ విమానపు రెక్కల నిడివి 36 అడుగుల 10 అంగుళములు. నమూనాలో అది 6 అంగుళములకు కొంచె మెక్కువ. అరచేతిలో ఇమిడిపోవును. ఇచ్చట నేర్చుకొనువారు చేయు మొదటి పొరపాటు బయటపడును. కుంచెతో ఒక మిల్లీమీటరు వెడల్పున వెండిరంగు చుక్క పెట్టి, రంగు పెచ్చు ఊడిన చోటు చూపితిమని సంతోషింతురు. కాని ఆ చుక్క అసలు విమానముపై 72 మిల్లీమీటర్లు, అనగా దాదాపు మూడంగుళములు. అట్టి చుక్కలు ఇరువది పెట్టినచో విమానము పనిచేసినట్లు కనబడదు; రోగము వచ్చినట్లు కనబడును. నిజమైన అంగుళపు పెచ్చును చూపవలెనన్న మిల్లీమీటరులో మూడవవంతు చుక్క చాలును. అందుకు సూదిమొనయో, చిన్న స్పాంజి ముక్కయో కావలెను. పెద్ద కుంచె పనికిరాదు.

రంగు చిక్కదనమునకు కూడ ఇదే న్యాయము వర్తించును. నమూనాను రెండడుగుల దూరమునుండి చూచుట, అసలు విమానమును 144 అడుగుల దూరమునుండి చూచుటతో సమానము. అంత దూరమున నున్న వస్తువు రంగు, నడుమ నున్న గాలివలన, కొంత పాలిపోయినట్లు తోచును. పొలము గట్టుననున్న తాటిచెట్టు ఆకుపచ్చగాను, దిగంతమందలి తాటితోపు నీలిబూడిద వన్నెగాను కనబడుటకు కారణ మిదియే. కనుకనే అనుభవజ్ఞులు నమూనాకు వేయు రంగులో తెలుపు కొంచెము కలుపుదురు. నలుపునకు బదులు ముదురు బూడిదరంగు వాడుదురు.

కొలత తరువాత చూడవలసినది, రంగు క్రింద నున్న వస్తువేది యని. ఈ విషయమునకు తెలుగు దేశముతో సంబంధముగల విమానములే చక్కని ఉదాహరణములు. మొదటి ప్రపంచయుద్ధకాలమున హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారు బ్రిటిషు వైమానికదళమునకు డి.హెచ్. 9ఎ అను విమానములను కానుకగా నిచ్చిరి. ఆ కానుకవలన 110వ స్క్వాడ్రనుకు హైదరాబాదు పేరు వచ్చినది. నిజాముగారి కానుక యని తెలుపు వ్రాత విమానములపై నుండెడిది. ఆయన ఐశ్వర్యమునకు మూలమైన శిస్తు చెల్లించినవారిలో తెలంగాణపు తెలుగు రైతులును కలరు. ఆ విమానములలో ఎఫ్ 1010 అను సంఖ్యగలది 1918 అక్టోబరులో జర్మనుల చేతికి చిక్కి, బెర్లిను ప్రదర్శనశాలలో చాలకాలముండి, రెండవ యుద్ధము తరువాత పోలండులో మిగిలి, తుదకు 1977లో బ్రిటిషు వైమానికదళపు మ్యూజియమునకు చేరినది.

ఆ విమానపు ఎముకలు కఱ్ఱ, చర్మము గుడ్డ. గుడ్డపై డోపు అను వార్నీషును పూసి బిగియునట్లు చేసి, దానిపై రంగు వేసిరి. దాని నమూనాకు రెక్కలపై వెండిచుక్కలు పెట్టినచో అది అసత్యము. గుడ్డ క్రింద లోహము లేదు. మెరయుట కేమియు లేదు. అచ్చట కనబడదగినవి ఇంజను దిక్కునుండి వెనుకకు ప్రాకిన చమురు జిడ్డు, చక్రములు చిమ్మిన బురద, గుడ్డ చినిగినచోట అతికించిన మాసిక.

రెండవ ప్రపంచయుద్ధమున హైదరాబాదు పేరు ధరించిన స్క్వాడ్రనులు మరి రెండు కలవు. 253వది 1940లో హరికేన్ విమానములతో బ్రిటను ఆకాశమున పోరాడినది. హరికేనుకు ముందు భాగమున లోహపు పలకలు, వెనుకభాగమున గుడ్డ. ఒకే విమానమున ముందు పెచ్చులూడవచ్చును, వెనుక ఊడరాదు. 152వది స్పిట్‌ఫైర్లతో పోరాడినది. దాని చిహ్నము హైదరాబాదు తలపాగా. స్పిట్‌ఫైరు దేహము అల్యూమినియపు రేకు. దానిపై రంగు అరిగినచో వెండివలె మెరయును. పాత పేరుగల 110వ స్క్వాడ్రను 1945 నాటికి బర్మాలో మస్కిటో విమానములు నడపెను. మస్కిటో దాదాపు పూర్తిగా కఱ్ఱవిమానము. 1944లో భారతదేశపు ఉక్కకును వానకును దాని జిగురు అతుకులు వీడి, విమానములను నేలపై నిలుపవలసి వచ్చినది. అట్టి కఱ్ఱరెక్కపై అల్యూమినియపు మెరుపు దిద్దినవాడు రంగు వేయుటలో ఎంత నేర్పరియైనను ఆ విమానము నెరుగనివాడే. హైదరాబాదు పేరొక్కటే, ఒక్కొక్క విమానపు ధాతువు వేరు, కనుక మరకయు వేరు.

మూడవది, మరక యుండవలసిన చోటు. స్పిట్‌ఫైరునే తీసికొందురు గాక. పైలటు ఎక్కు తలుపు ఎడమవైపున కలదు. కావున ఎడమరెక్క మొదటనే పాదముల ఒరిపిడి ఎక్కువ. రెండువైపులను సమానముగా అరగదీసినచో, ఆ విమానమున పైలటు ఎటునుండి ఎక్కెనని అడిగిన చేసినవానికి జవాబుండదు. మర తుపాకుల గొట్టములు రెక్క ముందంచున నున్నవి. దుమ్మును తేమను ఆపుటకు వాటి నోళ్లపై ఎఱ్ఱని గుడ్డపట్టీ అతికించెడివారు. పేల్చిన తరువాత ఆ పట్టీ చినుగును. రెక్క అడుగున మసి చారలు పడును. పట్టీ చెక్కుచెదరక యుండగా దాని వెనుక మసి దిద్దుట, పొయ్యి వెలిగింపకయే కుండకు మసి పట్టెననుట వంటిది. ఇంజను పొగగొట్టములు ముక్కునకు ఇరుప్రక్కల కలవు. వాటి మరక గాలి వీచిన త్రోవనే వెనుకకు సాగును. ఆ మరక అంతయు నలుపు కాదు. పెట్రోలు ఎక్కువగా మండినప్పుడు మసి నల్లగా నుండును. ఆ కాలపు పెట్రోలులో కలిపిన సీసము బూడిదవన్నె పొరను మిగుల్చును. నలుపు నడుమ లేతబూడిద కలసినప్పుడే అది నిజమైన పొగజాడ యగును.

ఇక పని జరుగు క్రమము చెప్పవలెను. పెచ్చులూడిన చోట్లు చూపుటకు ఉప్పు పద్ధతి సులభము. మొదట వెండిరంగు పూసి బాగుగ ఆరనిత్తురు. పెచ్చులు ఊడవలసిన చోటును నీటితో తడిపి, ఉప్పు పలుకులు కొలదిగా చల్లి, అవి అంటుకొని ఆరిన పిదప పైరంగును పిచికారితో పలుచగా పూయుదురు. అది ఆరిన తరువాత మెత్తని కుంచెతో ఉప్పును రాల్చినచో, క్రింది వెండిరంగు క్రమములేని ఆకారములతో బయటపడును. మనుష్యుని చేయి చుక్కలు పెట్టునప్పుడు తెలియకయే వరుస కట్టును. ఉప్పునకు ఆ దోషము లేదు. చివర నీటితో తుడిచి ఉప్పు మిగులకుండ చూచుకొనవలెను.

పిదప పలకల అతుకుల గీతలు. పైరంగుమీద టర్పెంటైనుకు కరగని నిగనిగలాడు వార్నీషు పూత నొకదానిని వేసి, పూర్తిగా ఆరనియ్యవలెను. గోధుమ నలుపుల నూనెరంగును టర్పెంటైనులో టీ నీళ్లంత పలుచన చేసి కుంచెమొనతో గీతను తాకినచో, వత్తి నూనెను పీల్చినట్లు గీతయే ఆ రంగును తన పొడవున లాగుకొనును. మిగిలినదానిని, గాలి విమానముపై ప్రవహించు దిక్కున, గుడ్డతో తుడువవలెను. అడ్డముగ తుడిచినచో మరక అడ్డముగ నిలుచును. గాలి అడ్డముగ వీచినట్లు కనబడును. అంచుల అరుగుదల చూపుటకు కుంచెను లేతరంగులో ముంచి, గుడ్డపై దాదాపు పొడియగునట్లు తుడిచి, ఎత్తైన అంచులపై తేలికగా రాచెదరు. పొగకును దుమ్మునకును రంగుసుద్దను ఉప్పుకాగితముపై గీచి వచ్చిన పొడిని మెత్తని కుంచెతో అద్దుదురు. చిట్టచివర మెరుపులేని వార్నీషు పూసి అన్నిటిని ఏకము చేయుదురు. ఆ పూతతో సుద్దపొడి కొంత మాయమగును గాన, ముందుగనే అందుకు తగినట్లు అద్దవలెను.

ఈ పనులలో ఒక జాగ్రత్త కలదు. టర్పెంటైను ఆవిరియు, పిచికారి తుంపరయు ఊపిరితిత్తులకు హాని. కిటికీలు తెరచిన గదిలోనో, వసారాలోనో పనిచేయవలెను. పిచికారి పట్టినప్పుడు ముక్కునకు తగిన ముసుగు ధరింపవలెను. ప్రక్కన దీపముగాని పొయ్యిగాని యుండరాదు. బాలురు పెద్దల కనుసన్నలనే చేయవలెను.

నాలుగవది, కాలము. 152వ స్క్వాడ్రను 1943 చివర తూర్పు దేశములకు వచ్చి, 1944లో బర్మా రంగమున పోరాడెను. అచ్చటి స్పిట్‌ఫైర్లపై దుముకుచున్న చిఱుతపులి బొమ్మ దిద్దియుండెడిది. బ్రిటిషు విమానముల గుండ్రని గురుతునందలి ఎఱ్ఱచుక్కను, జపానువారి ఎఱ్ఱసూర్యునితో పొరబడకుండుటకై, ఈ రంగమున తొలగించిరి. క్షణములో మిత్రుడో శత్రువో తేల్చుకొనవలసిన చోట ఒక చుక్క రంగు ప్రాణమును నిలుపును, ప్రాణమును తీయును. ఆ చుక్కపై తరువాత వేసిన రంగు, చుట్టునున్న ప్రాతరంగుకన్న కొంత క్రొత్తగా కనబడుట సహజము. ఉష్ణదేశపు ఎండ పైభాగమును వెలియజేయును. రెక్క అడుగు నీడలో నుండుటచే అంతగా వెలియదు. ఈ తేడా చూపుటకు పలకల నడుమ మాత్రము, తెలుపు కలిపిన అదే రంగును మిక్కిలి పలుచగా పిచికారి చేయుదురు. ఆకుపచ్చ ఒక విధముగాను గోధుమ మరియొక విధముగాను వెలియునని గుర్తించి, ఒక్కొక్క రంగునకు వేరువేరుగా ఈ పని చేయవలెను.

ఇంతవరకు మరక పెట్టు విద్య. పెట్టకుండుట అంతకంటె కష్టమైన విద్య. కుంచె చేతికి అలవడిన తరువాత యువకుడు ఆగడు. ప్రతి గీతయు నలుపగును; ప్రతి అంచును వెండి యగును; చూచినవారు మెచ్చుకొందురు. కాని యుద్ధకాలపు స్పిట్‌ఫైర్లలో ఎన్నియో కొలది వారములకే కూలినవి. ఎండకు వెలియుటకు వాటికి ఆయుష్షే చాలలేదు. మరియు, విమానము ఒంటరిగా బ్రతుకదు. పైలటు ఎగిరి దిగిన పిమ్మట, రాత్రి లాంతరు వెలుతురులోనైనను దానిని తుడిచి, చమురు కారు చోటు వెదకి, ఊడిన రంగును దిద్ది, తుపాకి నోటికి క్రొత్త పట్టీ అతికించిన నేలమీది పనివారు కలరు. రెక్క నున్నగా నున్నంత వేగము దక్కును. ఆ వేగమే పైలటుకు రక్షణ. వారి పేర్లు పతకముల జాబితాలలో అరుదుగా కనబడును. వారి పనికి మిగిలిన ఒకే గురుతు ఆ శుభ్రత. కారణము లేకయే నమూనాను మసిమయము చేసినవాడు, తెలియకయే వారి శ్రమను తుడిచివేయుచున్నాడు. ధూళిని చూపుట పైలటుకు చేయు న్యాయమైనచో, శుభ్రతను చూపుట ఆ పనివారికి చేయు న్యాయము. రెండింటికిని సాక్ష్యము కావలెను.

సాక్ష్యము దొరకు చోటేది? ఇచ్చటనే గ్రంథాలయము అక్కరకు వచ్చును. కుంచెకు ముందు పుస్తకము. తాను చేయదలచిన విమానము ఏ స్క్వాడ్రనుది, ఏ సంవత్సరముది, ఎచ్చట నిలిచినది యని ముందుగ నిశ్చయించుకొని, ఆ విమానపు ఛాయాచిత్రమును వెదకవలెను. చిత్రమును చదువుటలోను జాగ్రత్త కావలెను. నలుపు తెలుపుల చిత్రములో నీడయు మరకయు ఒకేవిధముగ కనబడును. మధ్యాహ్నపు నీడను చమురుగా భ్రమించి దిద్దినవారు కలరు. మ్యూజియములో నున్న విమానము ఆకారమునకు మంచి సాక్షి, రంగునకు కాదు. ప్రదర్శనకు నిలుపునప్పుడు మరల రంగు వేయుట వాడుక. విశాఖపట్టణపు సముద్రతీరమున 2017 నుండి నౌకాదళపు టి.యు. 142 విమానము ప్రదర్శనశాలగా నిలిచియున్నది. అంత పెద్ద విమానమున పలకల అతుకులు ఎట్లుండునో, ఉప్పుగాలికి ఎదురుగా నిలిచిన లోహమునకు ఏమగునో పరిశీలించుటకు విద్యార్థులకు అది మంచి తావు. కాని అచ్చట కనబడు మరక నేడు నిలిచిన విమానపు మరక. నాడు ఎగిరిన విమానపు మరక కాదు. అంత దూరము పోలేనివారు సూర్యలంక తీరమున ఉప్పుగాలి తగిలిన రేకునైనను, తమ పెరటిలోని రేకునైనను చూడవచ్చును. చూచు కన్ను ముఖ్యము.

సభాసదులారా! ఈ పనికి ఖరీదైన సామగ్రి లేకున్నను మొదలుపెట్టవచ్చును. మెత్తని కఱ్ఱముక్క, ఉప్పుకాగితము, రెండు కుంచెలు, నాలుగు రంగులు చాలును. దానితోపాటు విద్యార్థి ఒక కాగితముపై రెండు వరుసలు గీయవలెను. ఎడమవరుసలో తాను పెట్టిన ప్రతి మరకను వ్రాయవలెను. కుడివరుసలో అది పుట్టిన కారణమును, తాను చూచిన సాక్ష్యమును వ్రాయవలెను. కుడివైపున ఏమియు వ్రాయలేని మరకను నమూనానుండి తుడిచివేయవలెను. అట్టి కాగితముతో కూడిన ఒక్క నమూనాను ఈ పఠనమందిరపు బీరువాలో నుంచినను, దాని ప్రక్క ఆ విమానమును గూర్చిన పుస్తకము నొకదాని నుంచినను, అది వచ్చు తరమునకు ఉపకరించును. ఈ అభ్యాసము విమానములతోనే ఆగిపోదు. వార్త విన్నప్పుడు, చరిత్ర చదివినప్పుడు, పొరుగువానిపై నింద విన్నప్పుడు కూడ, ఈ మరకకు కారణమేమి, సాక్ష్యమేది యని అడుగు అలవాటు అతనికి పట్టుపడును.

తెలంగాణపు శిస్తుతో ముడిపడి, పరదేశపు ఆకాశమున ఎగిరిన ఆ గుడ్డరెక్కల విమానమును మన గ్రామపు విద్యార్థి ఎవడైన చెక్కి, ఒక్క వెండిచుక్కయు పెట్టక, కారణముగల చోట మాత్రము చమురు మరక దిద్ది, ఈ బల్లపై నుంచు దినము రాగలదని ఆశించుట అత్యాశ కాదు. ఆ దినమున ముందుగా దాని ప్రక్కనున్న కాగితపు కుడివరుసను చదువుడు; పిదప నమూనాను చూడుడు.